రంగమునుండి కువైటు వఱకు

భూమినుండి మనుష్యుడు పొందు సంపద రెండు తెఱగులు. ఏటేట పుట్టి ఏటేట అనుభవింపబడునది యొకటి; వరి, చెఱకు, కొబ్బరి ఇట్టివి. యుగయుగములుగా భూగర్భమున దాగియుండి, తీసినకొలది తఱుగునది మఱియొకటి. బంగారము, బొగ్గు, రాతిచమురు, సహజవాయువు ఇట్టివి. మొదటిదానికి ప్రతిదినమును మనుష్యుని చేయి కావలెను. దుక్కి మొదలు నూర్పిడి వఱకు అదనెఱిగి చేయి సాయపడనిచో పంట చెడును. రెండవదానికి యంత్రమును, బావియు, కొనెడు దేశమును ఉన్న చాలును. బావి త్రవ్వునాటి సందడి తీఱిన పిమ్మట కొలదిమంది పనివారు రేయింబవళ్లు కనిపెట్టియుండగా చమురు పైకి వచ్చుచునే యుండును.

ఈ భేదము చూచుటకు స్వల్పము. దేశచరిత్రలయందు దీని ఫలము మాత్రము గొప్పది. పంటలవలన బ్రతుకు రాజ్యమున ప్రభుత్వము ప్రజల శ్రమపై పన్ను గైకొని జీవించును. ఆ ప్రజలు ఆకలిగొన్నను, ఊళ్లు విడిచిపోయినను బొక్కసమునకు లోటు వచ్చును. అందుచేత క్రూరుడైన పాలకుడును కొంతదూరము వారి మాట వినక తప్పదు. చమురు ఎగుమతివలన బ్రతుకు రాజ్యమున బొక్కసము నిండుటకు ప్రజల శ్రమతో నంత పనిలేదు. వచ్చిన సంపదను పంచిపెట్టుటయే అచ్చట ప్రభుత్వమునకు ముఖ్యకార్యము. పంచిపెట్టుట యనగానే పంక్తిలో ఎవరు కూర్చుండవలెను, ఎవరు వడ్డింపవలెను, ఎవరు ఎంగిలాకులు ఎత్తవలెను అను ప్రశ్న పుట్టును. మన తెనుగువారు నూఱేండ్లకు పైగా ఈ పంక్తిలో వడ్డించువారుగను, ఆకులెత్తువారుగను ఉండిరే గాని కూర్చున్నవారు కారు. ఆ చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము.

చమురు నెగుమతిచేయు దేశములతో మనకేమి సంబంధమని చదువరులు అడుగవచ్చును. భారతదేశము ముడిచమురును అమ్ముకొని బ్రతుకు దేశము కాదు. తనకు కావలసినదానిలో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశములనుండి కొనుచున్న దేశము. శుద్ధిచేసిన పెట్రోలును, డీజిలును మనము పరదేశములకు పంపుచున్న మాట నిజమే గాని, అది పరుల నూలు తెచ్చి నేసి అమ్ముట వంటిది. ఇక మా పెనుగొండ యన్ననో, కన్యకాపరమేశ్వరి కోవెలవలన నలుదెసల వారెఱిగిన యూరు. చుట్టును వరిచేలు, కొబ్బరితోటలు, చేపల చెఱువులు. అయినను ఈ పెనుగొండ, ఆచంట, పాలకొల్లు, నరసాపురము ప్రాంతములనుండియు, ఏటికావలి కోనసీమనుండియు చమురు రాజ్యములకు రెండు త్రోవలు పడినవి. మొదటి త్రోవను మగవారు రంగమునకు పోయిరి. రెండవ త్రోవను ఆడువారు కువైటునకు పోవుచున్నారు.

రంగమనగా రంగూను పట్టణము. మన పెద్దలకు బర్మాదేశమంతయు రంగమే. ఆ దేశమున ఐరావతీనదీతీరమున యెనాన్‌జౌంగ్ అనుచోట చమురుబావులు చిరకాలమునుండి కలవు. 1795లో ఇంగ్లీషు కుంపిణీ రాయబారిగా బర్మారాజు ఆస్థానమునకు పోయిన మైకేల్ సైమ్స్ ఆ బావులను గూర్చి వ్రాసియున్నాడు. అవి వంశపారంపర్యముగా కొన్ని కుటుంబముల సొత్తు. చేతితో త్రవ్విన బావిలోనికి కుండను మోకుతో దింపి చమురు చేదెడివారు. అది దీపములకును, పడవలకు పూయుటకును పనికివచ్చెడిది. బావి గలవాని చేయి ఆడినంతవఱకే చమురు వచ్చెడిది గనుక, ఆనాడు చమురుగూడ పంటవంటిదే.

1871లో రంగూన్ ఆయిల్ కంపెనీ ఏర్పడెను. 1885లో ఇంగ్లీషువారు మాండలే పట్టణమును పట్టుకొని, 1886 జనవరి 1వ తేదీన ఉత్తర బర్మాను తమ రాజ్యమున కలుపుకొనిరి. ఆ యేడే స్కాట్లండు వర్తకుడగు డేవిడ్ కార్గిల్ బర్మా ఆయిల్ కంపెనీని నెలకొల్పెను. చేదబావుల స్థానమున యంత్రపు బావులు వచ్చినవి. 20వ శతాబ్దారంభమున ఆ బావులనుండి రంగూను చెంతనున్న సిరియము శుద్ధికర్మాగారము వఱకు ఇనుపగొట్టములు వేయబడినవి. అచ్చట తయారైన కిరసనాయిలును, మైనపువత్తులును ఎక్కువభాగము భారతదేశమునకే వచ్చెడివి. మన పల్లెలలో ఆముదపు దీపము మూలబడి బుడ్డిదీపము వెలిగినది ఈ కాలముననే. ఆ నూనె వచ్చిన రేకుడబ్బా ఖాళీయైన పిమ్మట బియ్యమునకును, నీటికిని పనికివచ్చి, కంపెనీ పేరు ఎఱుగని ఇల్లాలి వంటయింటగూడ చేరినది.

ప్రపంచమున నాడు లభించుచున్న చమురులో బర్మా చమురు నూటికొక పాలునకు లోపే. అయినను బర్మాదేశపు ఎగుమతులలో బియ్యము తరువాతి స్థానము దానిదే. ఈ ఎగుమతివలన ఆ దేశమునకు కలిగిన లాభమెంత? కంపెనీ లాభము వాటాదారులకు సముద్రము దాటి పోయెను. పాతబావుల కుటుంబములవారు తమ హక్కులను అమ్ముకొనిరి. 1938లో చౌక్, యెనాన్‌జౌంగ్ చమురుక్షేత్రముల కార్మికులు సమ్మెకట్టి, రంగూను వఱకు కాలినడకన ఊరేగిరి. సొంత దేశపు చమురును తీయుచుండియు తమ కూలికొఱకు వందలమైళ్లు నడువవలసివచ్చిన వారి యాత్ర, చమురు ఎగుమతికిని ప్రజల క్షేమమునకును సహజమగు సంబంధము లేదని లోకమునకు చాటినది.

ఆ రేవున నూనెడబ్బాలును, బియ్యపుబస్తాలును మోసినవారు మనవారు. కాకినాడనుండియు, విశాఖపట్టణమునుండియు పొగయోడలమీద ఏటేట వేలకొలది తెనుగు కూలీలు రంగమునకు పోయెడివారు. గోదావరి మొగనున్న కోరంగి రేవు పేరే వారికి జాతినామమై, తెనుగువారినెల్ల ‘కోరంగీలు’ అని పిలుచుట ఆ దేశమున వాడుకయయ్యెను. మేస్త్రీ ఊరికి వచ్చి ముందుగా రొక్కమిచ్చి, ఓడకూలి తానే పెట్టి తీసికొనిపోయెడివాడు. ఆ బాకీ తీఱువఱకు కూలి మేస్త్రీ చేతిలోనివాడు. 1931 జనసంఖ్యలో బర్మాయందు పది లక్షలకు పైబడి భారతీయులుండిరి. అందు తెనుగువారు లక్షన్నర ప్రాంతము. రంగూను పట్టణమున సగముమందికి పైగా భారతీయులే. రేవులలో, బియ్యపుమిల్లులలో, పారిశుద్ధ్యపు పనులలో తెనుగు వినబడని తావు లేకుండెను.

అంతమంది యున్నను ఆ దేశమున వారికి కాలూనుటకు చోటు లేదు. 1930 మేనెలలో తెనుగు ఓడకూలీలు కూలి పెంపుకొఱకు సమ్మెకట్టిరి. యజమానులు బర్మావారిని పనిలోనికి తెచ్చిరి. సమ్మె తీఱి తెనుగువారు మరలిరాగా బర్మావారిని పొమ్మనిరి. ఇరువురును బీదలే, ఇరువురి కడుపుకోతకును కారకులు వేఱొకరు. అయినను 26వ తేదీన చెలరేగిన అల్లరిలో కత్తులు పడినది బీదలమీదనే. నూఱుమందికి పైగా చనిపోయిరి. వారిలో ఎక్కువమంది తెనుగు కూలీలు.

1941 డిసెంబరు 23న జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. తరువాతి నెలలలో నాలుగైదు లక్షలమంది భారతీయులు బర్మా విడిచిరి. ఓడలు దొరకనివారు అరకాను కొండలమీదుగను, మణిపురపు అడవులమీదుగను నడచిరి. దారిలో మలేరియావలనను, కలరావలనను, ఆకలిచేతను మరణించినవారు వేలకువేలు. 1942 మార్చి 7న సిరియము కర్మాగారమును, ఏప్రిలున యెనాన్‌జౌంగ్ బావులను శత్రువులకు దక్కకుండ ఇంగ్లీషు సేనలే కాల్చివేసినవి. ఇచ్చట చదువరులు గమనింపవలసిన విషయమొకటి కలదు. తన యాస్తిని నాశనముచేసినందుకు నష్టపరిహారమిమ్మని కంపెనీ ప్రభుత్వముపై వ్యాజ్యము తెచ్చెను. 1964లో ఇంగ్లండు ప్రభువులసభ న్యాయస్థానము కంపెనీ పక్షమున తీర్పుచెప్పగా, 1965లో పార్లమెంటు ప్రత్యేకముగా నొక చట్టముచేసి ఆ తీర్పును రద్దుపఱచవలసివచ్చెను. కాలిన గొట్టములకొఱకు వాదించుటకు ఒక రాజ్యపు అత్యున్నత న్యాయస్థానము దొరకినది. అడవిదారిని బిడ్డను పాతిపెట్టి వచ్చిన కూలికి ఏ కచేరీయందును వాజ్యము వేయుటకు చోటు దొరకలేదు.

1948లో స్వతంత్రమైన బర్మాయందు 1962లో నే విన్ సేనాధిపతి అధికారము చేపట్టెను. కంపెనీలును, దుకాణములును ప్రభుత్వపరమైనవి. మిగిలియున్న భారతీయులలో లక్షలమంది కట్టుబట్టలతో తిరిగివచ్చిరి. విశాఖపట్టణమునందలి బర్మా క్యాంపు నేటికిని ఆ పేరుతోనే పిలువబడుచున్నది.

ఈ కథ ఇంతటితో ముగియలేదు. బర్మా నూనెలో వచ్చిన లాభమే పశ్చిమాసియాలో చమురును వెదకుటకు పెట్టుబడియైనది. పారసీకదేశమున చమురు వెదకు హక్కును 1901లో సంపాదించిన విలియం నాక్స్ డార్సీ ధనము చాలక ఇబ్బందిపడుచుండగా, 1905లో బర్మా ఆయిల్ కంపెనీ ఆ భారమును వహించెను. 1908 మేనెలలో మస్జిద్ సులేమానుకడ చమురు పడెను. మఱుసటియేట ఆంగ్లో-పర్షియన్ ఆయిల్ కంపెనీ ఏర్పడెను. ఈ కంపెనీయే 1934లో అమెరికాదేశపు గల్ఫ్ కంపెనీతో సగపాలు చేరి కువైటు ఆయిల్ కంపెనీని స్థాపించినది. రంగము రేవున తెనుగువాని వీపుమీదుగా పోయిన నూనె లాభము పారసీకమున బావియై, ఆ బావి లాభము కువైటులో మఱియొక బావియైనది. అతని మనుమరాండ్ర తరమువారు ఆ కువైటుననే పనిమనుషులగుట విధివిలాసమని కొందఱనవచ్చును. మేము దానిని పెట్టుబడి నడచిన త్రోవ యందుము.

చమురునకు పూర్వము కువైటు చిన్న రేవుపట్టణము. ముత్యములు వెదకుటయు, ఖర్జూరపుపండ్లను ఓడలపై బొంబాయికి, మలబారునకు తెచ్చి కలపను, బియ్యమును కొనిపోవుటయు వారి జీవనము. మన రూపాయియే వారి నాణెము. 1961లో దీనారు వచ్చువఱకు రూపాయలతోనే వ్యవహారము జరిగెను. 1930 ప్రాంతమున జపానువారి పెంపుడు ముత్యములు బజారునకు రాగా ఆ వృత్తి చెడెను. 1938లో బుర్గాను అనుచోట చమురు పడినను, యుద్ధమువలన పని నిలిచి, 1946 జూన్ 30న తొలిసారి చమురు ఓడకెక్కెను. 1961లో దేశము స్వతంత్రమయ్యెను. 1973లో చమురు వెల కొలది నెలలలోనే ఇంచుమించు నాలుగింతలయ్యెను. 1975లో కువైటు ప్రభుత్వము కంపెనీని పూర్తిగా తన వశము చేసికొనెను.

ఒక విషయమున కువైటు పాలకులను మెచ్చుకొనవలెను. తీసిన చమురు మరల పుట్టదని వారు పెందలకడ గ్రహించిరి. 1953లోనే అధికధనమును లండనులో మదుపుపెట్టుటకు ఒక మండలిని ఏర్పఱచిరి. 1976లో రాబోవు తరములకొఱకు ప్రత్యేకనిధి స్థాపించి, రాబడిలో పదవవంతు ఏటేట అందు చేర్చునట్లు శాసించిరి. తమ పౌరులకు విద్యయు, వైద్యమును ఉచితముగా నిచ్చిరి. బర్మాలో కంపెనీ చేయనిపని ఇచ్చట ప్రభుత్వము చేసినది.

కాని ప్రభుత్వపు రాబడిలో ఇంచుమించు తొమ్మిదివంతులు చమురువలననే వచ్చు దేశమున ఏమి జరుగునో చూడుడు. పౌరులలో ఉద్యోగులైనవారు మిక్కిలిగా ప్రభుత్వోద్యోగులే. జీతము హెచ్చు, పన్ను లేదు. ఇల్లు కట్టుటకు, వీధి ఊడ్చుటకు, వంట వండుటకు, బిడ్డను ఎత్తుకొనుటకు పరదేశి కావలెను. జనసంఖ్యలో మూడింట రెండువంతుల ప్రాంతము పరదేశీయులు. ఫ్యాక్టరీలు పెరిగిన దేశమునకు ఫ్యాక్టరీ కూలి కావలెను. చమురు పంపకముతో పెరిగిన దేశమునకు ఇంటి దాసి కావలెను. కువైటు ఇండ్లలో మన యాడువారికి కలిగిన గిరాకి వారి గుణముచేత కలిగినది కాదు; ఆ యెగుమతి స్వభావముచేత కలిగినది.

ఎగుమతిధనము దేశీయోత్పత్తిని చెఱచుటకు అర్థశాస్త్రజ్ఞులు ‘డచ్చి రోగము’ అని పేరుపెట్టిరి. మన పాలకొల్లున 17వ శతాబ్దమున వర్తకశాల పెట్టి గుడ్డలు కొని పంపిన ఆ డచ్చివారి దేశముననే 1959లో గ్రోనింగెను అనుచోట గొప్ప వాయునిక్షేపము దొరకినది. వాయువును అమ్మగా వచ్చిన పరదేశపు ధనమువలన వారి నాణెము వెల పెరిగి, వారి ఇతర సరకులు పరదేశములలో ప్రియమై, ఫ్యాక్టరీలు దెబ్బతిన్నవి. 1977లో ఒక ఇంగ్లీషు పత్రిక ఈ వ్యాధికి ఆ పేరు పెట్టెను. నార్వేదేశము ఈ గుణపాఠమును నేర్చినది. 1990లో చట్టముచేసి నిధి నేర్పఱచి, 1996నుండి ధనము చేర్చుచు, మూలధనమును ముట్టక దాని ఆదాయముమేరకే వ్యయముచేయు నియమము పెట్టుకొనెను. నార్వేకు ఇది సాధ్యమగుటకు కారణమేమి? చమురు దొరకుటకు ముందే ఆ దేశమున అందఱకు చదువును, ఎన్నికైన శాసనసభయు, బలమైన కార్మికసంఘములును ఉండెను. చమురు వచ్చినప్పుడు దానిని లెక్క అడుగువారు సిద్ధముగ నుండిరి.

ఇక మన యాడువారి మాట. పచ్చని డెల్టానుండి వీరేల పోవలసివచ్చెను? నీరు పాఱినంతమాత్రమున భూమి అందఱిది కాదు. చేనులేని ఇంటి స్త్రీకి నాట్లును, కోతలును జీవనాధారము. వరిచేలు చేపల చెఱువులు, రొయ్యల చెఱువులు అయినకొలది నాట్లు తఱిగినవి. కోతయంత్రములు వచ్చినకొలది కోతలు తఱిగినవి. కూతురి పెండ్లికట్నమును, ఇంటికప్పును, భర్త చేసిన అప్పును తీర్చుటకు ఆమెకు కనబడిన త్రోవ కువైటు. నాడు మేస్త్రీ వచ్చినట్లే నేడు ఏజెంటు వచ్చును. నాడు ఓడకూలి బాకీ. నేడు వీసా బాకీ.

కువైటున ఇంటిపనివారికి ఇరువదవ నంబరు వీసా యని వేఱొక తరగతి కలదు. ఆ వీసాపై పోయినవారిని మన వాడుకలో ‘ఖద్దామా’ యందురు. ఆమె నివాసము కఫీలను యజమాని పూచీపై ఆధారపడియుండును. ఆ యిల్లు విడిచి వేఱొక యింటికి తన యిష్టముచొప్పున పోరాదు, పోయినచో నేరస్థురాలగును. 2015లో కువైటు ప్రభుత్వము ఇంటిపనివారికై ఒక చట్టముచేసి దినమునకు పండ్రెండుగంటలకు మించని పనిని, వారమునకొకనాటి విశ్రాంతిని, ఏటికి ముప్పది దినముల సెలవును విధించి, యజమాని పాస్‌పోర్టు దాచుటను నిషేధించెను. 2016లో కనీసజీతము 60 దీనారులని నిర్ణయించెను. ఇది కొనియాడదగిన మార్పే. కాని ఫ్యాక్టరీని తనిఖీచేయు అధికారి గృహస్థుని వంటయింటిలోనికి పోజాలడు. చట్టము వాకిటనే నిలిచిపోయిన యిండ్లు ఎన్నియో.

మన ప్రభుత్వపు చట్టములును కలవు. 1983 వలసచట్టముక్రింద, పదవతరగతి ఉత్తీర్ణులు కానివారు ఇట్టి దేశములకు పనికై పోవుటకు అధికారి అనుమతి పొందవలెను. అట్టి స్త్రీలకు ముప్పదియేండ్లు నిండియుండవలెనని నియమము పెట్టిరి. 2016లో వారిని ప్రభుత్వసంస్థల ద్వారముననే పంపవలెనని ఉత్తరువిచ్చిరి. నియమము మంచిది, త్రోవ దూరము. ఏజెంటు చూపు అడ్డదారి దగ్గఱ. చూచిరా బోవుచున్నానని సందర్శకుల వీసాపై పోయి పనిలో చేరిన స్త్రీకి ఇటు చట్టమునందును, అటు చట్టమునందును పేరు లేకపోవును. 1990 ఆగష్టు 2న ఇరాకు సేనలు కువైటును ఆక్రమింపగా, మన ప్రభుత్వము జోర్డానుదేశపు అమ్మాను పట్టణమునుండి విమానములపై 1,70,000 మందికి పైగా భారతీయులను ఇంటికి చేర్చెను. 1942లో అడవిదారిని నడచినవారి చరిత్రతో పోల్చినచో స్వరాజ్యము విలువ ఇందు తెలియును. ఆపద వచ్చిననాడు చూపిన ఆ శ్రద్ధను ఆపద రాకముందు చూపవలెనని మాత్రమే మేము కోరుచున్నాము.

పోయినవారందఱు దుఃఖపడుచున్నారని మేము చెప్పము. ఆ ధనముతో పూరిండ్లు మిద్దెలైనవి. కూతుండ్రు నర్సులును, ఇంజనీర్లును అయినారు. మగవాని సంపాదనపై బ్రతుకునదిగా నెంచబడిన స్త్రీ ఇల్లు నిలిపినది. ఇది కొంచెపు సంగతి కాదు. కాని ఉపాధ్యాయవృత్తియందున్న మాకు ఈ నాణెము రెండవ వైపును కనబడుచున్నది. తల్లి కువైటునందుండ అమ్మమ్మచెంత పెరుగు పిల్లలు మా తరగతులలో ప్రతియేటను కలరు. హాజరుపట్టీలో వారి పేళ్లు మాసిపోవుట తొమ్మిదవ తరగతిలో మొదలగును. బాలిక అయినచో ఇంటిపనికై ఆగిపోవును. బాలుడైనచో చేతిలో డబ్బాడి చెడును. తల్లి పంపిన సొమ్ము తండ్రి పేర నున్న ఖాతాకు వచ్చి, ఏమైనదో ఆమెకే తెలియక, ఆఱేండ్లకు మరలివచ్చి అప్పు అట్లే యుండుట చూచిన యిల్లాండ్రు మా యూళ్లలో లేకపోలేదు. పదవతరగతి దాటని కూతురు మఱల ఆ అనుమతి కావలసిన పాస్‌పోర్టునకే అర్హురాలగును. ఒక తరము చేసిన దాస్యము రెండవ తరమునకు సంక్రమించు త్రోవ ఇదియే.

ఇంతలో మన కాళ్లక్రింద ఏమున్నది? 1970వ దశకము చివర చమురు, సహజవాయు సంఘమువారు నరసాపురముకడ బావి త్రవ్విరి. తరువాత రాజోలు, తాటిపాక, పాశర్లపూడి ప్రాంతములలో అనేక బావులు పడినవి. కృష్ణా గోదావరీ తీరపు నిక్షేపమని దీనికి పేరు. 2001లో తాటిపాకకడ చిన్న శుద్ధికర్మాగారము పెట్టిరి. 2002లో రిలయన్సువారు కాకినాడకు ఎదుట లోతు సముద్రమున గొప్ప వాయునిక్షేపమును కనుగొనిరి. 2009 ఏప్రిలున వాయువు గాడిమొగ తీరమున ఒడ్డుచేరెను. అచ్చటినుండి సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టముద్వారా గుజరాతు వఱకు పోయెను. ఆ వాయువు విషయమై సోదరుల కంపెనీల మధ్య నడచిన వ్యాజ్యమున 2010 మే 7న సుప్రీముకోర్టు సహజవాయువు ప్రజల సొత్తనియు, ప్రభుత్వము వారి తరపున ధర్మకర్తయనియు తేల్చినది. అనుకొన్నంత వాయువు రాలేదు. కొలది యేండ్లకే దిగుబడి తగ్గి, దానిని నమ్మి గోదావరితీరమున కట్టిన విద్యుత్కేంద్రములు పనిలేక నిలిచినవి. తఱిగిపోవు సంపద యనుటకు ఇంతకన్న దగ్గఱి నిదర్శనము వేఱేల?

ఈ సంపద పుట్టినచోట మిగిల్చినదేమి? 1995 జనవరి 8న పాశర్లపూడి బావి పగిలి అంటుకొని 65 దినములు మండెను. ఆ మంటవెలుగు చుట్టుపట్ల గ్రామములకు రాత్రి లేకుండ చేసినది. 2014 జూన్ 27 తెల్లవాఱుజామున నగరము గ్రామమున వాయుగొట్టము పేలి 20 మందికి పైగా దగ్ధులైరి. వాయువు పోయిన దేశములకు పొయ్యి వెలిగినది. ఆనాడు ఆ గ్రామమున చితులు వెలిగినవి. ఇక ధనము మాట. భూమిపై తీసిన చమురునకు రాయల్టీ రాష్ట్రమునకు చెందును. సముద్రమున తీసినదానికి కేంద్రమునకు చెందును. 2015లో గనులున్న జిల్లాల మేలునకై ఆ జిల్లాలోనే నిధిని ఏర్పఱచవలెనని గనుల చట్టమును సవరించిరి. కాని చమురును, వాయువును ఆ చట్టము పరిధికి వెలుపలివి. ఇనుపరాయి తీసిన ఊరికి చట్టముచే దక్కు వంతు వాయువు తీసిన ఊరికి లేదు. కంపెనీలు తమ దయచొప్పున కట్టించు బడిగదియు, నీటితొట్టియు కలవు. దయ వేఱు, హక్కు వేఱు.

రంగము, కువైటు, కోనసీమ అను ఈ మూడు చోట్లను ఒక్కచూపున చూచినచో ఒక్క సూత్రము తేటపడును. చమురుసంపద శ్రమనుండి పుట్టదు గనుక శ్రామికునికి దానిపై సహజముగ హక్కు పుట్టదు. అది ఏ నేలనుండి వచ్చునో ఆ నేలవారికిని పుట్టదు. శాసనముచేతను, శాసనమును చదివి అడుగగల విద్యచేతను మాత్రమే పుట్టును. బర్మావానికి చట్టము లేకపోయెను. కువైటు పౌరునికి చట్టమున్నది. అతని వంటయింటి స్త్రీకి వాకిలి వఱకే యున్నది. నార్వేవానికి విద్యయు, చట్టమును ముందే యున్నవి.

కావున మనము చేయవలసినవి ఊహకందని గొప్పపనులు కావు. వాయువు తీసిన గ్రామములకు రాయల్టీలో వంతును చట్టముచేత నిర్ణయింపుడని మన ప్రతినిధులను అడుగవలెను. ఆ వంతు నిధియై నిలిచి, దాని ఆదాయము పాఠశాలలకును, ఆసుపత్రులకును పోవునట్లు చూడవలెను. పరదేశమునకు పోవు స్త్రీ ప్రభుత్వసంస్థద్వారముననే, తాను చదివి సంతకము చేసిన ఒడంబడికతోనే పోవునట్లు ఊరిపెద్దలును, మహిళాసంఘములును పూనుకొనవలెను. ఆమె పంపు సొమ్ము ఆమె పేర నున్న ఖాతాకే రావలెను; ఇది ఏ ప్రభుత్వమును అడుగనక్కఱలేని సంస్కరణము, మన యింటిలోనే చేయదగినది. అన్నిటికన్న ముందు ఏ బాలికయు పదవతరగతి దాటక బడి విడువరాదు. ఆ ఒక్క పత్రము చేతనున్న స్త్రీ పరదేశమునకు పోవచ్చును, పోకపోవచ్చును. అది ఆమె యిష్టము. పోయినను తన ఒడంబడికను తానే చదువుకొని పోవును. మన ముత్తాతలు నిశానీవేసి ఓడయెక్కిరి. మన కూతుండ్రు చదివి సంతకము చేయవలెను.